ఆ సూది వల్లే పోయిందా? ఈసారి వేయించుకోవాలా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 26. మాది పల్నాడులో ఒక పల్లె. నాకిప్పుడు ఆరో నెల, 25 వారాలు. ఇది రెండో కాన్పు. మొదటిది పోయినేడాది పోయింది. అప్పుడు నాకు పది వారాలు. బుధవారం మా ఊరి ఏఎన్ఎం టీటీ సూది వేశారు. శనివారం తెల్లవారుజామున బ్లీడింగ్ మొదలైంది. టౌనుకు తీసుకెళ్తే స్కానింగ్ చేసి, బిడ్డ ఎనిమిది వారాల సైజులోనే ఉంది, గుండె కొట్టుకోవడం లేదని చెప్పి క్లీనింగ్ చేశారు. నాకు నెలసరి ఎప్పుడూ లెక్క ప్రకారమే వచ్చేది. ఏ ఇబ్బందీ లేదు. ఆ సూది వల్లే పోయిందని మా అత్తయ్య అప్పటి నుంచీ అంటున్నారు. నాకూ లోపల అదే అనుమానం. అందుకే ఈసారి ఒక్క సూదీ వేయించుకోలేదు. ఏఎన్ఎం అడిగితే ప్రైవేటులో వేశారని చెప్పాను. ప్రైవేటు డాక్టరు గారు అడిగితే ఊళ్లో వేశారని చెప్పాను. ఇప్పుడు ఆవిడ ఏడో నెలలో టీడాప్ అని ఒకటి, ఫ్లూ అని ఒకటి రాశారు. సర్కారు వాళ్లు ఇవ్వనివి మనకెందుకు, డబ్బుల కోసం రాస్తారు అని మా ఆయన అంటున్నారు. కరోనా అప్పుడు గర్భిణులకు వద్దని చెప్పి, మళ్లీ వాళ్లే వేయించుకోమన్నారు కదా, ఎవరి మాట నమ్మాలి? వేయించుకుంటే ఈ బిడ్డా పోతుందేమోనని భయం. వేయించుకోకపోతే పుట్టాక ఏమన్నా అవుతుందేమోనని భయం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. పేరు వేయొద్దు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "బిడ్డ ఎనిమిది వారాల సైజులోనే ఉంది, గుండె కొట్టుకోవడం లేదు" అని స్కానింగ్‌లో చెప్పారని మీరే రాశారు. రాసి ముందుకు వెళ్లిపోయారు. ఏడాదిగా మిమ్మల్ని తొలిచేస్తున్న ప్రశ్నకు జవాబు ఆ వాక్యంలోనే ఉంది. ఆ రోజు ఆ కంగారులో దాన్ని మీకు ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు.

పది వారాల బిడ్డ తల నుంచి పిరుదుల దాకా మూడు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఎనిమిది వారాల బిడ్డ ఒకటిన్నర సెంటీమీటరు, అంటే చింతగింజంత. ఆ వారాల్లో బిడ్డ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అందుకే కొలత చూసి, ఎదుగుదల ఎప్పుడు ఆగిందో డాక్టర్లు ఇంచుమించుగా చెప్పగలరు. మీకు నెలసరి లెక్క తప్పేది కాదన్నారు కాబట్టి వారాల లెక్కలో పెద్ద తేడా ఉండే అవకాశం తక్కువ. శనివారం నాడు ఎనిమిది వారాల కొలత కనిపించిందంటే, ఆ బిడ్డ ఎదుగుదల అప్పటికి దాదాపు రెండు వారాల కిందటే ఆగిపోయింది. సూది పడింది బుధవారం. ఏఎన్ఎం మీ జబ్బకు సూది వేసే నాటికి లోపల ఆ చిన్న గుండె ఆగి పది రోజులు అయి ఉంటుంది.

ఇది ఇంకోసారి మెల్లగా చదవండి. తర్వాత మీ ఆయన చేత చదివించండి.

లోపల ఆగిపోయిన సంగతి ఒంటికి వెంటనే తెలియదు. కొందరికి నాలుగైదు రోజుల్లో బ్లీడింగ్ కనిపిస్తుంది, కొందరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా కడుపు నిలిచే ఉందనుకుంటాం. రిపోర్టులో దీన్నే మిస్‌డ్ అబార్షన్ అని రాస్తారు. ఆ పాత రిపోర్టు తీసి ఈ మాట ఉందేమో చూడండి. అందులో సీఆర్ఎల్, అంటే తల నుంచి పిరుదుల దాకా పొడవు, అన్న చోట ఒక కొలత, దాని పక్కన వారాలూ రోజులూ ఉంటాయి. మీ డాక్టరుకు అది చూపించి, "సూది పడక ముందే ఆగిపోయిందా మేడమ్?" అని నేరుగా అడగండి. రిపోర్టు కళ్లతో చూడకుండా నేను నూటికి నూరు పాళ్లు అనకూడదు. కానీ మీరు రాసిన మాటలే నిజమైతే ఆ సూది మీద నింద నిలవదు.

కడుపు ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. లేకపోతే సూదిని వదిలేసి ఇంకో తప్పు మీ నెత్తిన వేసుకుంటారు. బొప్పాయి తిన్నావా, బిందె ఎత్తావా, గ్రహణం నాడు బయటికొచ్చావా అని అడిగేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. నెల తప్పిందని తెలిసిన ప్రతి 100 గర్భాల్లో 10 నుంచి 20 దాకా నిలవవు. వాటిలో ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే పోతాయి. అలా పోయినవాటిలో దాదాపు సగం క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. తల్లి అండమో తండ్రి కణమో తయారయ్యేటప్పుడు, లేదా ఆ రెండూ కలిసిన తొలి రోజుల్లో జరిగే పొరపాటు అది. తల్లి తిన్నదానికీ మోసినదానికీ దానితో సంబంధం లేదు. నలభై ఏళ్లకు పైగా పురుళ్లు పోస్తున్నాను. కడుపు పోయిన ప్రతి తల్లీ నేనేం తప్పు చేశానని అడిగింది. దాదాపు ప్రతిసారీ నేను చెప్పిన జవాబు ఒకటే: ఏమీ చేయలేదు.

మరి సూదినే ఎందుకు అనుమానిస్తాం? సూదికి తేదీ ఉంటుంది, వారం ఉంటుంది, వేసిన మనిషి ఉంటుంది, నొప్పి ఉంటుంది. క్రోమోజోముల తప్పుకు ఇవేవీ లేవు. కడుపు నిలవకపోయే వారాలూ, నెల తప్పగానే పేరు రాయించుకుని మొదటి సూది వేయించుకునే వారాలూ ఒకటే కావడం ఇంకో కారణం. అందుకని ఏటా ఎక్కడో ఒక ఊళ్లో ఈ రెండూ ఒకే వారంలో పడక తప్పదు. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకతాళీయం అనే మాట మనకు ఈ సంగతి నుంచే వచ్చింది. కాకి వాలకపోయినా ఆ పండు రాలిపోయేదే.

ఇక ఈ బిడ్డ సంగతికి వస్తాను. మీరు అడిగినవి మూడు టీకాలు. మూడింటినీ ఒకే గాటన కట్టను, ఎందుకంటే నా గట్టితనం మూడింటి మీదా ఒకేలా లేదు.

మొదటిది టీటీ. ఇప్పుడు దాని పేరు టీడీ, ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకు కూడా కలిపి ఇస్తున్నారు. ఊళ్లో ఇంకా టీటీ అనే అంటారు, అలాగే అనుకుందాం. దీని విషయంలో నేను మిమ్మల్ని "ఆలోచించుకోండి" అనను. ఈ వారమే వేయించుకోండి అంటాను.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ధనుర్వాతం వార్డు విడిగా ఉండేది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టేవాళ్లం. వెలుగు పడినా, తలుపు చప్పుడైనా, ఎవరైనా ముట్టుకున్నా పిల్లలకు బిగుసుకు వచ్చేది. పుట్టి వారం తిరగని బిడ్డలు. మొదటి రెండు రోజులూ బాగానే పాలు తాగి, తర్వాత దవడ బిగిసి చన్ను పట్టలేకపోయేవాళ్లు. పిడికిళ్లు మూసుకుపోయి, వీపు విల్లులా వంగేది. ధనుస్సులా వంచే వాతం కాబట్టే ధనుర్వాతం అన్నారు మన పెద్దలు. ఆ పేరు పెట్టిన మనిషి అలాంటి బిడ్డను చూసే పెట్టి ఉంటాడు. కొడవలితో బొడ్డు కోసి, దాని మీద పేడ బూడిద అద్దిన ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లలో ఇంటికి తిరిగి వెళ్లినవాళ్లు తక్కువ. చీకటి గది బయట నేల మీద కూర్చున్న ఆ తల్లులు, పాలు చేపి రవికలు తడిసిపోయి, లోపలికి పిలుస్తారేమోనని తలుపు వైపే చూస్తూ ఉండేవాళ్లు. మీకు ఇది చెప్పడం భయపెట్టడానికి కాదు. ఆ సూది దేనికో మీ తరానికి కళ్లతో చూసే అవసరం పడలేదు, అందుకని చెబుతున్నాను.

ఆ అవసరం పడకపోవడానికి కారణం ఆ సూదే, దానితో పాటు ఆస్పత్రి కాన్పులూ శుభ్రమైన బ్లేడూ. తల్లులూ పసిపిల్లల ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చిన మొదటి రాష్ట్రంగా 2003లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు వచ్చింది. దేశం మొత్తానికి 2015లో వచ్చింది. అంటే ఏ జిల్లాలోనూ వెయ్యి కాన్పులకు ఒక్క కేసు కూడా లేని స్థితి. పోయిన జబ్బుకు సూది ఎందుకని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మశూచి మనిషి నుంచి మనిషికే వచ్చేది, అందుకని తుడిచిపెట్టగలిగాం. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. మీ ఇంటి ముందు కళ్లాపి చల్లే నేలలోనూ ఉంటుంది. అది ఎక్కడికీ పోలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదు కాబట్టి ఊరంతా వేయించుకున్నా మీ బిడ్డకు అక్కరకు రాదు. మీరు వేయించుకుంటేనే మీ బిడ్డకు కాపుదల.

ఆ సూది లోపల ఏం చేస్తుందో కూడా చెబుతాను. అందులో బతికున్న క్రిమి లేదు, చచ్చిన క్రిమి కూడా లేదు. క్రిమి వదిలే విషాన్ని కోరలు తీసిన పాములా మార్చి పెడతారు. దాన్ని చూసి మీ ఒళ్లు ఎదురు మందు తయారు చేసుకుంటుంది. యాంటీబాడీలు అంటాం. మాయ గుండా బిడ్డకు చేరేవి అవే. నాలుగో నెల నుంచి కొద్దికొద్దిగా మొదలై, చివరి మూడు నెలల్లో జోరుగా చేరతాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఇవి తల్లి రక్తంలో కన్నా ఎక్కువే ఉండవచ్చు. తన దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ ఇచ్చి పంపుతుంది మాయ. నాకు ఇన్నేళ్లయినా ఆ మాట చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

రెండోది టీడాప్. టీటీలో ఉన్న రెండింటితో పాటు కోరింత దగ్గు మందు కూడా ఇందులో ఉంటుంది. కోరింత దగ్గు అంటే పెద్దపిల్లల్లో దగ్గి దగ్గి చివర కూత వేసినట్టు ఊపిరి లాగే దగ్గు. నెలలోపు బిడ్డకు ఆ కూత రాదు, ఒక్కోసారి దగ్గు కూడా రాదు. ఊపిరి ఆగిపోతుంది, పెదాలు నీలంగా మారతాయి. అందుకే గుర్తు పట్టేసరికి ఆలస్యమవుతుంది. మన దగ్గర బిడ్డకు ఈ జబ్బుకు తొలి టీకా నెలన్నర సూదిలో పడుతుంది. పుట్టిన రోజు నుంచి ఆ నెలన్నర దాకా బిడ్డకు సొంత రక్షణ ఏమీ లేదు. తల్లి కడుపులో ఇచ్చి పంపినదే ఉండాలి. మన ఇళ్లలో పురిటి రోజులు గడిచే దాకా బాలింత గదిలోకి ఎవర్నీ రానివ్వని ఆచారం ఉంది చూశారా, దాన్ని మైల అన్నారు గానీ బిడ్డకు అది మేలే చేసింది. ఇప్పుడేమో మూడో రోజుకే పది మంది వచ్చి ముద్దులు పెట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. అందులో ఒక మేనమామకో పిన్నికో మూడు వారాలుగా తగ్గని దగ్గు ఉంటుంది. పెద్దవాళ్లలో కోరింత దగ్గు మామూలు దగ్గులానే కనిపిస్తుంది.

ఇది ఊహ కాదు. ఇంగ్లండులో 2012లో కోరింత దగ్గు చెలరేగి 14 మంది పసిబిడ్డలు చనిపోయారు. ఆ ఏడు అక్టోబరు నుంచి గర్భిణులందరికీ కోరింత దగ్గు టీకా ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత లెక్క చూస్తే, టీకా వేయించుకున్న తల్లుల బిడ్డల్లో మూడు నెలల లోపు ఆ జబ్బు 91 శాతం తగ్గింది. మీకు కావలసిన రెండో లెక్క కూడా వాళ్ల దగ్గరే ఉంది. టీకా వేయించుకున్న 20 వేల మంది గర్భిణులను గమనించి చూశారు. కడుపులోనే బిడ్డ పోవడం గానీ, ఇంకే చెడు గానీ వేయించుకోనివాళ్లకన్నా వీళ్లలో ఎక్కువ కనిపించలేదు.

మరి సర్కారు ఎందుకు ఇవ్వదు? మీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే. ఏటా దేశంలో రెండు కోట్లకు పైగా కాన్పులు జరుగుతాయి. అందరికీ ఉచితంగా ఇచ్చే జాబితాలోకి ఒక టీకా రావాలంటే ఖర్చు, సరఫరా, అన్నీ తూచాలి. జాబితాలో లేదంటే ఇంకా అక్కడి దాకా రాలేదనే అర్థం, చెడ్డదని కాదు. మన దేశపు ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ టీడాప్‌నూ ఫ్లూ టీకానూ గర్భిణులకు సిఫారసు చేస్తోంది. మీ డాక్టరు సొంతంగా కనిపెట్టి రాసినవి కావు. ఒక్కోటి వెయ్యి రూపాయలు దాటుతుంది, పల్లెలో కూలీనాలీ చేసుకునే ఇంటికి అది చిన్న మాట కాదు. ధర ముందే అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఒక్కదానికే డబ్బు సర్దగలిగితే నేను టీడాప్ అంటాను. రెండింటిలో ఒక్కదానికీ వీలుకాకపోతే ఉచితంగా దొరికే టీటీ రెండు డోసులు తప్పకుండా వేయించుకుని, పుట్టాక దగ్గుతున్న మనిషిని ఎంత దగ్గరి చుట్టమైనా గడప దగ్గరే ఆపి, నెలన్నర సూదిని ఒక్క వారం కూడా దాటనివ్వకుండా వేయించండి. జ్వరం వస్తుందని, పుట్టింట్లో ఉన్నామని, ఆషాఢమని దాన్ని వెనక్కి నెట్టే ఇళ్లు చాలా చూశాను.

మూడోది ఫ్లూ. మామూలు జలుబు దగ్గే కదా అనిపిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు అది మామూలు కాదు. పెరిగిన గర్భం కింది నుంచి ఊపిరితిత్తుల వైపు నెట్టుకొస్తుంది, గుండె మీద పని పెరుగుతుంది, ఒంటి రక్షణ తీరు మారుతుంది. 2009 మేలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొట్టమొదట హైదరాబాద్‌లోనే బయటపడింది, గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది అమెరికాలో లెక్కలు తీస్తే, జనాభాలో గర్భిణులు 1 శాతమే, స్వైన్ ఫ్లూతో చనిపోయినవాళ్లలో మాత్రం 5 శాతం. బిడ్డ సంగతి చూస్తే, ఆరు నెలలు నిండే దాకా పిల్లలకు ఫ్లూ టీకా ఇవ్వరు. తల్లి ఇచ్చిందే దిక్కు. పక్కనే ఉన్న బంగ్లాదేశ్‌లో 340 మంది తల్లుల మీద జరిగిన పరిశీలన 2008లో వచ్చింది. తల్లి ఫ్లూ టీకా వేయించుకుంటే ఆరు నెలల లోపు బిడ్డల్లో ఫ్లూ 63 శాతం తగ్గింది. ఆ ఢాకా తల్లులు మనలాంటి ఇళ్లలో, మనలాంటి వానల్లో, మనలాంటి ఇరుకు గదుల్లో బిడ్డల్ని పెంచేవాళ్లు. అందుకే ఈ లెక్క నాకు దగ్గరగా అనిపిస్తుంది. మీకు డబ్బు సర్దుబాటు అయితే వేయించుకోండి, ముఖ్యంగా వానాకాలం, చలికాలం ముందుంటే. సూది రూపంలో ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న క్రిమి ఉండదు. ముక్కులో కొట్టే రకం వేరు, అది గర్భిణులకు ఇవ్వరు.

కరోనా ప్రశ్నకు దాటవేసే జవాబు చెప్పను. 2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలైనప్పుడు గర్భిణులకు ఇవ్వలేదు. జులై 2న అనుమతి ఇచ్చారు. మాట మారినట్టు కనిపించింది, మీ అనుమానంలో తప్పు లేదు. కొత్త మందును పరీక్షించేటప్పుడు గర్భిణులను పక్కన పెట్టడం చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతి. 1961లో వెనక్కి తీసుకున్న థాలిడోమైడ్ అనే వేవిళ్ల మాత్ర వేల మంది బిడ్డల కాళ్లూ చేతులూ దెబ్బతీసిన తర్వాత ఆ జాగ్రత్త ఇంకా గట్టిపడింది. కాబట్టి జనవరిలో "వద్దు" అన్నదానికి అర్థం "మా దగ్గర ఇంకా లెక్కలు లేవు" అని. ఆ తర్వాత వేయించుకున్న గర్భిణుల వివరాలు వచ్చాయి, ఈలోగా రెండో అలలో కడుపుతో ఉన్నవాళ్లు ఐసీయూల్లో ఎలా పోరాడారో కూడా చూశాం. అప్పుడు మాట మార్చారు. ఆ రోజున ఈ కారణాన్ని తల్లులకు అర్థమయ్యే భాషలో చెప్పకపోవడం మా వైద్యుల తప్పే, అది నేను ఒప్పుకుంటాను. కానీ టీటీ అలా నిన్న మొన్న వచ్చిన మందు కాదు. కొన్ని తరాల తల్లులు వేయించుకున్నారు.

ఆ తల్లుల్లో మీ అత్తగారూ ఉండవచ్చు. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది, మీ ఆయన బహుశా ఆ తర్వాతే పుట్టి ఉంటారు. "అత్తయ్యా, ఈయన కడుపులో ఉన్నప్పుడు మీకు సూది వేశారా?" అని ఒక సాయంత్రం, వాదనకు కాకుండా, మామూలుగా అడగండి. చాలామంది ఆ తరం ఆడవాళ్లకు గుర్తుంటుంది, చెయ్యి వాచిందని కూడా చెబుతారు. ఆవిడ మీకు అడ్డుపడుతున్నారని అనుకోకండి. పోయినేడాది ఆవిడ కూడా ఒక మనవడినో మనవరాలినో పోగొట్టుకున్నారు, ఆ దుఃఖానికి ఒక కారణం వెతుక్కుని సూది దగ్గర ఆగారు. స్కానింగ్ రిపోర్టు సంగతి డాక్టరు నోటి నుంచే ఆవిడ వినాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో డాక్టర్లు గర్భిణులను ఉచితంగా చూస్తారు. ఆ రోజు ఆవిడనూ తోడు తీసుకెళ్లండి. ఆవిడ ముందే ఆ ప్రశ్న అడగండి.

మీరు ఇద్దరికీ చెప్పిన అబద్ధం గురించి. దాని కోసం మిమ్మల్ని నేను ఒక్క మాట అనను. భయపడిన మనిషి ఇంకేం చేస్తుంది? కానీ దాన్ని ఈ వారమే సరిదిద్దాలి. డోసుల లెక్క మీ చేతిలో ఉన్న తల్లీబిడ్డల రక్షణ కార్డును బట్టి, మీ మాటను బట్టి నడుస్తుంది. "మేడమ్, ఈ కాన్పులో నేను టీటీ వేయించుకోలేదు. భయపడి వేయించుకున్నానని చెప్పాను. పోయినేడాది పదో వారంలో ఒక్కటి పడింది." ఇంత చాలు. ఇంతకన్నా సంజాయిషీ అవసరం లేదు. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మీ పని అవుతుంది.

మామూలు లెక్క ఇలా ఉంటుంది. మీకు ఇప్పుడు 25 వారాలు. టీటీ మొదటి డోసు వెంటనే. రెండో డోసు నాలుగు వారాల తర్వాత, అంటే 29 వారాలకు. టీడాప్ ఇచ్చే సమయం 27 నుంచి 36 వారాల మధ్య కాబట్టి ఆ రెండో డోసు స్థానంలో టీడాప్ వేయించుకోవచ్చు. అదనంగా ఇంకో సూది అక్కర్లేదు. ఫ్లూ టీకా అదే రోజు రెండో చేతికి వేయించుకున్నా పరవాలేదు. మీ పాత డోసును ఎలా లెక్కలోకి తీసుకోవాలో డాక్టరు చెబుతారు. ఇది చదివే మిగతా అమ్మాయిలకు ఒక మాట: ఎనిమిదో నెల దాటినా, తొమ్మిదో నెల వచ్చినా టీటీ వేయరని అనుకోకండి. అంతవరకూ ఒక్కటీ పడని తల్లికి నొప్పులు వచ్చాక కూడా వేస్తారు.

సూది పడ్డాక చెయ్యి నొప్పి పెడుతుంది, కొంచెం వాస్తుంది. ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడవచ్చు. పారాసిటమాల్ ఎంత వేసుకోవాలో అక్కడే అడిగి తెలుసుకోండి. ఇంకే నొప్పి మాత్రా సొంతంగా మింగకండి. వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసుల్లో ఒకరికి వచ్చేంత అరుదు, వచ్చినా చాలావరకు ఆ కాసేపట్లోనే తెలుస్తుంది, అక్కడ దానికి మందు ఉంటుంది. ఇంతకు ముందు ఏ టీకాకైనా ఊపిరాడక, ముఖం వాచి ఆస్పత్రి పాలైతే మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ రోజు ఒళ్లు కాలే జ్వరం ఉంటే తగ్గాక వేయించుకోవచ్చు. ఇంకో మాట, ఇది టీకాతో సంబంధం లేకుండా గుర్తుంచుకోవాలి: బ్లీడింగ్ కనిపించినా, ఉమ్మనీరు పోయినా, తీవ్రంగా కడుపునొప్పి వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా "సూది వల్లేలే" అని ఇంట్లో కూర్చోకండి. 108కి ఫోన్ చేసి వెళ్లండి.

ఇన్ని చెప్పినా సూది వేయించుకున్న రాత్రి మీకు నిద్ర పట్టదని నాకు తెలుసు. పోయిన కడుపు గుర్తు ఒక్క ఉత్తరంతో పోదు. అందుకని ఒక పని చేయండి. సూదికి ముందు బిడ్డ గుండె చప్పుడు డాప్లర్‌లో వినిపించమని అడగండి. వారం తర్వాత వెళ్లి ఇంకోసారి వినండి. కాదనే డాక్టరు ఉండరు. భయం పూర్తిగా పోయాకే వేయించుకోవాలని ఏమీ లేదు, భయంతోనే వెళ్లి వేయించుకోవచ్చు. మీకు ఆరో నెల, బిడ్డ తంతూ ఉంటుంది. ఆ రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకుని పొట్ట మీద చెయ్యి వేసుకోండి.

కడుపుతో ఉన్నప్పుడు అన్ని టీకాలూ మంచివేనని నేను అనడం లేదు. బతికున్న క్రిమిని బలహీనపరచి తయారు చేసేవి ఇవ్వం. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా కలిపి ఇచ్చే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా అలాంటివి. వాటిని కాన్పు అయ్యాక ఇస్తాం, పాలిచ్చే తల్లి కూడా వేయించుకోవచ్చు. వేయించుకున్నాక ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. తెలియక వేయించుకున్నాక నెల తప్పిందని తెలిస్తే, దానికోసం కడుపు తీయించుకోవాల్సిన అవసరం మాత్రం లేదు. డాక్టరుకు చెబితే చాలు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్నది ఒకటుంది, ఊళ్లలో ఉంటారు కాబట్టి చెప్పకుండా వదలలేను. కడుపుతో ఉన్నప్పుడు కుక్క కరిస్తే రేబిస్ టీకా ఒక్క పూట కూడా ఆపకూడదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. గాయంలో ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు కూడా గర్భిణులకు ఇస్తారు. "కడుపుతో ఉంది, సూదులు వద్దు" అని పసరు కట్టించుకున్న తల్లిని ఒకసారి చూశాను. రేబిస్ ముదిరాక తల్లినీ బిడ్డనూ కాపాడే మందు ఎవరి దగ్గరా లేదు.

9వ తేదీకి ఇంకా రోజులుంటే అప్పటిదాకా ఆగకండి. మీ ఊళ్లో టీకాల రోజు ఎప్పుడో ఆశా వర్కర్‌ను అడిగి మొదటి డోసు ముందే వేయించేసుకోండి. 9న అత్తగారితో వెళ్లేటప్పుడు ఆ పాత స్కానింగ్ రిపోర్టు తీసుకెళ్లడం మరచిపోవద్దు. మళ్లీ కంటికి కనిపించకూడదని ఏ బీరువా అడుగునో చీరల కింద పెట్టి ఉంటారు, వెతకండి.